కోడిగుడ్ల అట్టలో మిగిలిన పిన్ను

సెల్విన్ పైబస్ తన కళ్ళతో చూడనిదే దేన్నీ నమ్మడు. ఏవరిల్ పొయ్యి ఆపి వంటింట్లోంచి వస్తే, అతను వెళ్ళి మీట మీద వేలు పెట్టి చూసి వస్తాడు. ఆమె బిగించిన జామ్ సీసా మూతని ఇంకోసారి బిగిస్తాడు. ఆమె వేసిన తలుపు గడియని లాగి చూస్తాడు. ఏంటిది అని అడిగితే "చూస్తే అరిగిపోతుందా?" అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఇది ముద్దుగానే ఉండేది. ఆ తరవాత నలభై ఏళ్ళూ ఏవరిల్‌కి ఒళ్ళు మండుతూనే ఉంది.

అతని తప్పూ కాదు లెండి. క్వీన్స్‌టౌన్ గనిలో మనుషుల్ని పాతాళంలోకి దింపే బోనుకి అతను ఫిట్టరు. ఆ బోను తాళ్ళూ చక్రాలూ బిగించేవాడికి "బిగించాననే అనుకుంటా" అనే మాట పనికిరాదు. ఏవరిల్‌ది అదే గనిలో సామాన్ల గది. కిటికీ వెనక నిలబడి ఇరవై రెండేళ్ళు బోల్టులూ వాషర్లూ చేతి తొడుగులూ అడిగినవాడికి అడిగినన్ని లెక్కపెట్టి ఇచ్చింది. నాలుగు అడిగినవాడికి అయిదు ఇచ్చిన పాపాన పోలేదు.

వీళ్ళిద్దరి గుణాలూ గొడవపడకుండా కలిసింది షెడ్డులోనే. అక్కడ ఉండేది ఆవముద్ద రంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు, వాళ్ళ పెళ్ళికన్నా పెద్ద వయసు. తుప్పుపట్టి కోళ్ళు గుడ్లు పెడుతున్న స్థితిలో ఒకాయన పెరట్లోంచి తెచ్చి ఇద్దరూ బతికించారు. ఆనాటి నుంచీ ఆయిలు మార్చినా, ప్లగ్గులు తుడిచినా, బ్రేకులు సరిచేసినా వాళ్ళ చేతులతోనే. కారుని ఇంకొకడి చేతికివ్వడం ఈ ఊళ్ళో నామోషీ.

పని మొదలుపెట్టేముందు ఏవరిల్ ఒక కోడిగుడ్ల అట్ట తెస్తుంది. కారులోంచి తీసినవి ఒక వరసలో, కొత్తగా పెట్టాల్సినవి ఇంకో వరసలో, గుంటకొకటి. పెట్టాల్సినవి ఎన్నో అన్నే తీసి పెడుతుంది, ఒక్కటి ఎక్కువుండదు. పని అయ్యేసరికి ఆ వరస ఖాళీ అవ్వాలి. సెల్విన్‌కి ఒక నోటుపుస్తకం ఉంది. చేసిన ప్రతి పనీ అందులో ఎక్కుతుంది. చివర రెండు గళ్ళు. ఒకటి చేసినవారు, రెండోది చూసినవారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మొదటి గడిలో ఎవరి పేరున్నా, రెండో గడిలో మాత్రం అతని సంతకమే.

మూడేళ్ళ కింద అతని చేతులు వణకడం మొదలైంది. మొదట కుడి చెయ్యి, తరవాత ఎడమది. ఏడాది నుంచి స్పానరు ఏవరిల్ చేతిలోకి వచ్చింది. అతను పాల పెట్టె బోర్లించుకుని పక్కన కూర్చుని చెబుతాడు, చూస్తాడు, సంతకం పెడతాడు. మొన్న డాక్టరు కూడా తేల్చి చెప్పేసింది. సోమవారం నుంచి కారు నడపడానికి వీల్లేదు.

"అయితే ఆదివారం నాది," అన్నాడు సెల్విన్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "కొండ మలుపులన్నీ ఎక్కి, సరస్సు దాకా వెళ్ళి, భోజనానికి వచ్చేస్తా. ఒక్కణ్ణే."

"వెళ్ళు," అంది ఏవరిల్. ఇంకేమంటుంది.

ఊరి నుంచి కొండెక్కే ఆ దారిలో తొంభైకి పైగా మలుపులు. చెట్టూ పుట్టా లేని బోడి కొండ, పక్కనే లోయ. ఆ దారిలో చివరిసారి వెళ్ళే కారు లోటు లేకుండా వెళ్ళాలని ఏవరిల్ శనివారం పొద్దున్నే పనిలోకి దిగింది. ఆయిలు మార్చింది. ప్లగ్గులు చూసింది. మిగిలింది ముందు చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టడం.

ఆ పని ఇలా ఉంటుంది. చక్రాన్ని ఇరుసు మీద పట్టి ఉంచేది ఒకే ఒక్క నట్టు. అది తిరిగి ఊడిపోకుండా దాని గాడిలోంచి, ఇరుసు బెజ్జంలోంచి ఒక పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోపక్కకి వంచాలి. వేలెడంత పిన్ను. అది లేకపోతే నట్టు మెల్లమెల్లగా వదులవుతుంది, ఆ తరవాత చక్రం తన దారి తను చూసుకుంటుంది. ఒకసారి వాడిన పిన్ను మళ్ళీ వాడకూడదు. రెండు చక్రాలకీ రెండు కొత్త పిన్నులు అట్టలో పెట్టింది ఏవరిల్.

ఎడమ చక్రం బాగానే వచ్చింది. పిన్ను పెట్టి, కాళ్ళు వంచి, పైన రేకు మూత నొక్కింది.

"ఏవీ, ఆ నట్టు నన్నోసారి చూడనీ," అన్నాడు సెల్విన్. ఏవరిల్‌ని దగ్గరివాళ్ళు ఏవీ అనే పిలుస్తారు.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఏంటి? పొయ్యి చూస్తావు, గడియ చూస్తావు. రేపు నేను పోయాక శవపెట్టె మూత కూడా ఎత్తి చూస్తావు."

"చూస్తా మరి. నిన్ను నమ్మడానికి లేదు, లేచి కూర్చున్నా కూర్చుంటావు."

వేరే రోజైతే నవ్వేది. అతను వంగి మూత మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణికి పక్కనున్న గ్రీజు డబ్బాకి తగిలింది. డబ్బా దొర్లి, గ్రీజంతా మట్టిలో పడింది.

"ఆ చేతులతో చూసి ఏం చేస్తావు, సెల్?"

అన్నాక గాని ఏమందో ఆమెకి తెలియలేదు. సెల్విన్ చెయ్యి వెనక్కి తీసుకుని స్వెటరు జేబులో పెట్టుకున్నాడు. రెండోది కూడా పెట్టుకున్నాడు. లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ క్షణమే వెనకాలే వెళ్ళి క్షమించమని అడగాల్సింది. వెళ్ళలేదు. అతని మీద కోపం, తన మీద అంతకు రెట్టింపు కోపం, ఆ రెండూ పెట్టుకునే కుడి చక్రం ముందు కూర్చుంది.

కుడి నట్టు మొండికేసింది. గాడీ బెజ్జమూ ఎదురుపడలేదు. అలాంటప్పుడు ముందుకి బిగించకూడదు, బేరింగు మాడిపోతుంది. వెనక్కి వదిలి తరవాతి గాడి దొరికించుకోవాలి. ఆమె స్పానరు అందుకుంటుండగా వాన మొదలైంది. షెడ్డు గుమ్మంలో పక్కింటి నెవ్ ట్రిఫిట్ నిలబడ్డాడు, చేతిలో ఆల్చిప్పల కూర నింపిన వేడివేడి పైల పొట్లంతో.

"ఏంటి ఏవీ, ముసలోణ్ణి పీకేసి ఫిట్టరుగా నువ్వు చేరావా?"

"అతనే మానేశాడు."

"సరేలే, ఇవి చల్లారితే కుక్కలు కూడా ముట్టవు. రా."

షెడ్డు కప్పుకి సరిగ్గా ఆ మూలే చిల్లు. నీటిచుక్క గ్రీజు మీద పడకూడదని, వచ్చాక తీద్దామని, ఏవరిల్ రేకు మూతని చేత్తో నొక్కిపెట్టింది. అట్ట తడవకుండా దాన్ని అరలోకి తోసి పైన గుడ్డ కప్పింది. వెళ్ళింది.

ఇంట్లో సెల్విన్ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. నెవ్ ఒక్కడే గడ్డికి బదులు కంకర పరిచిన మైదానంలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళ మోకాళ్ళు ఎలా చెక్కుకుపోయాయో అరగంట సేపు వర్ణించాడు. ఆమె మళ్ళీ షెడ్డులోకి వచ్చేసరికి మూత తన స్థానంలో బుద్ధిగా కూర్చుని ఉంది. ఆ షెడ్డులో మూత పెట్టి ఉందంటే లోపల పని అయిపోయిందనే లెక్క. సెల్విన్ సగం పని మీద మూత పెట్టిన రోజు లేదు. ఏవరిల్ చక్రం ఎక్కించి, బోల్టులు బిగించి, కారుని జాకీ మీంచి దించింది.

సాయంత్రం వంటింటి బల్ల దగ్గర సెల్విన్ నోటుపుస్తకం తెరిచాడు. పని రాశాడు. చేసినవారు అన్న గడిలో ఆమె పేరు రాశాడు. ఏవరిల్ గిన్నె తుడుస్తూ ఆగింది.

"వెళ్ళి చూడవా?"

"నువ్వు చేశావుగా," అన్నాడు. రెండో గడిలో వంకరటింకరగా సంతకం పెట్టి పుస్తకం మూసేశాడు.

నలభై ఏళ్ళ నుంచి ఎదురుచూసిన మాట అది. ఇలా వినాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు. అయినా అబద్ధమెందుకు, ఆమెకి సంతోషంగానే ఉంది.

ఆదివారం తొమ్మిదింటికి అతను కారు బయటికి తీశాడు. పైకప్పు మడిచాడు, టోపీ పెట్టుకున్నాడు. వీధి చివర మలుపు దగ్గర చెయ్యి ఊపాడు. ఇంజను చప్పుడు కొండ మీదికి ఎక్కి సన్నబడేదాకా ఏవరిల్ గేటు దగ్గరే నిలబడింది. తరవాత షెడ్డు సర్దడానికి వెళ్ళింది. గుడ్డ తీసింది.

అట్టలో కొత్త పిన్ను ఒకటి ఉంది.

ముందు ఆమె దాన్ని నమ్మలేదు. మూడు తీశానేమో అనుకుంది. మూడే తీసి ఉంటాను, నిన్న బుర్ర సరిగ్గా లేదు కదా. పొట్లం విప్పి బల్ల మీద బోర్లించింది. పది పిన్నుల పొట్లం. ఎనిమిది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిదే. రెండు బయటికి వెళ్ళాయి, ఒకటి వెనక్కి వచ్చింది. ఆ కిటికీ వెనక ఇరవై రెండేళ్ళు నిలబడ్డ మనిషికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. వాన, నెవ్ తెచ్చిన పైలు, చేత్తో నొక్కిన మూత, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కుడి చక్రానికి పిన్ను లేదు.

ఫోనా, అతను ఏనాడూ వెంట పట్టుకెళ్ళడు. పట్టుకెళ్ళినా ఆ మలుపుల్లో పలకదు. పిన్నుని పిడికిట్లో పెట్టుకుని, పట్టకారు, స్పానరు పికప్పు బండి సీటు మీద పడేసి బయల్దేరింది. అప్పటికి అతను వెళ్ళి ఇరవై నిమిషాలు దాటింది.

మొదటి మలుపులు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. పిడికిలి విప్పకుండానే స్టీరింగు తిప్పుతోంది, పిన్ను కొన అరచేతిలో గుచ్చుకుంటోంది. ప్రతి మలుపులోనూ బండి నెమ్మది చేసి లోయలోకి తొంగి చూడటం, మళ్ళీ ముందుకి తియ్యడం. చూడకుండా పోలేదు, చూడటానికి ధైర్యమూ లేదు. నమ్మాడు కదా, నన్ను నమ్మిన ఒక్కరోజే కదా, అని పైకే అంటోంది. నిన్న ఆ మాట అనకుండా ఉంటే చూసేవాడు. వేలు పెట్టి చూస్తే క్షణంలో దొరికిపోయేది. ఆ వేలినే కదా తను కొట్టింది.

ఒకచోట కింద బండల మధ్య పసుపుపచ్చగా ఏదో కనబడింది. బండి ఆపి దిగి అంచు దాకా వెళ్ళింది. ఎప్పుడో గాలికి కొట్టుకొచ్చిన రోడ్డు హెచ్చరిక పలక. ఆ పలకని ఇంకోసారి, ఇంకోసారి చూసుకుని గాని బండెక్కలేదు.

ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి పైనుంచి నెవ్ ట్రక్కు దిగుతూ ఎదురైంది. గాలాలు వెనక ఊగుతున్నాయి. ఆమె బండిని అడ్డంగా పెట్టినంత పని చేసింది.

"నెవ్! సెల్ కనిపించాడా?"

"లేదే. సరస్సు దగ్గర్నుంచే వస్తున్నా, ఒక్క కారు ఎదురు రాలా."

"సరిగ్గా చూశావా?"

"ఆ రంగు కారుని చూడకపోవడానికి నేనేమన్నా గుడ్డోణ్ణా? ఏమైంది ఏవీ? ఎందుకలా ఉన్నావు?"

ఆమె పిడికిలి విప్పి చూపించింది. నెవ్ కూడా ఆ గనిలో చేసినవాడే. చెప్పాల్సిన పని లేకపోయింది. అతని మొహంలోంచి నెత్తురు దిగిపోయింది.

ఊరి నుంచి బయల్దేరిన కారు ఇటు రాలేదు, అటు వెళ్ళలేదు. మధ్యలో దారి అంటూ ఇంకోటి లేదు. ఉన్నది లోయే.

"నేను కిందికి పోయి మనుషుల్ని తీసుకొస్తా," అన్నాడు నెవ్ గొంతు తగ్గించి.

"వద్దు. ఇంకా వద్దు. నువ్విక్కడే ఉండు. పావుగంటలో నేను తిరిగి రాకపోతే పిలువు."

"నేనూ వస్తా."

"ఇక్కడే ఉండు నెవ్! ఒకవేళ కిందికి నడిచి వస్తే ఎవరో ఒకరు ఉండాలి కదా."

నడిచి రావడం ఎంత నిజమో ఇద్దరికీ తెలుసు. అయినా అతను తల ఊపి ట్రక్కుని పక్కకి తీశాడు.

ఏవరిల్ ఇంక బండిని నడక వేగంతో పోనిచ్చింది. కంచె చూస్తోంది, అంచున కంకర చూస్తోంది, టైరు జారిన గీత ఉందేమోనని చూస్తోంది. రెండు మలుపులు. మూడు. నాలుగో దాని దగ్గర గీత కనబడింది. బ్రేకు తొక్కింది. కాని గీత లోయ వైపు కాదు. కొండ వైపు తిరిగింది. పాడుబడ్డ రాతి క్వారీలోకి పోయే సందు, బండరాళ్ళ చాటున రోడ్డు మీదికి కనబడదు.

లోపల చదునైన చోట కారు ఆగి ఉంది. నాలుగు చక్రాలూ ఉన్నాయి. కుడి ముందు చక్రం పక్కన, టోపీ వెనక్కి తోసుకుని, సెల్విన్ నేల మీద కాళ్ళు చాపుకు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రేకు మూత. పక్కన స్క్రూడ్రైవరు. రెండు చేతుల వేళ్ళ మీదా నెత్తురు చారలు, గ్రీజు.

ఆమెని చూసి గడియారం చూసుకున్నాడు. "అరగంటలో వస్తావనుకున్నా. నలభై నిమిషాలు పట్టింది."

ఏవరిల్‌కి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ముందు కోపమే బయటపడింది. "ఇక్కడేం చేస్తున్నావురా దేవుడా! చచ్చావనుకున్నా! లోయలన్నీ వెతుక్కుంటూ వస్తున్నా!"

"మూత తీస్తున్నా. నీకు నిమిషం పని. నాకు ఇంతసేపు పట్టింది." చేతులు చూపించాడు. అవి గాలిలో నిలబడటం లేదు. ఈసారి దాచుకోలేదు. "లోపల పిన్ను లేదు ఏవీ."

"తెలుసు." పిడికిలి విప్పింది. "వదులైందా? చక్రం ఊగిందా?"

"ఏమీ ఊగలా. బంగారంలా వచ్చింది."

"మరి ఎందుకు ఆపావు?"

సెల్విన్ ఒళ్ళోని మూతని తిరగేశాడు. "ఆ పుస్తకంలో చూశానని రాశాను. చూడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో అందులో రాసిన అబద్ధం అదొక్కటే. వీధి చివర నీకు చెయ్యి ఊపినప్పట్నుంచీ గొంతుకి అడ్డం పడింది. ఇక మింగలేక ఇక్కడ ఆపా."

"ఇంట్లోనే చూడొచ్చు కదా! నేను తిడితే తిట్టేదాన్ని."

"నిన్న నువ్వు గిన్నె పట్టుకుని ఎంత సంతోషంగా నిలబడ్డావో నీకు తెలీదు. అది పాడుచెయ్యబుద్ధి కాలేదు."

ఆమె అతని పక్కన ఆ రాళ్ళ మీదే కూలబడింది. "నిన్న నేనన్న మాట..."

"ఆ మాట నిజమే. అందుకే తగిలింది."

"నిజం కాదు. ఆ చేతులతో చూస్తేనే కదా దొరికింది. నన్ను క్షమించు, సెల్."

అతను గ్రీజు చేత్తోనే ఆమె మోకాలి మీద రెండుసార్లు తట్టాడు, ఆదివారం వేసుకునే ప్యాంటు మీద రెండు నల్లటి మచ్చలు పడ్డాయి.

"నేను వస్తానని ఎలా తెలుసు?" అంది కాసేపటికి.

"షెడ్డు సర్దకుండా కాఫీ తాగవు. అట్ట చూడకుండా షెడ్డు సర్దవు. నిన్ను నమ్మకపోతే నడిచి దిగేవాణ్ణి కదా."

ఏవరిల్ స్పానరు తెచ్చింది. నట్టుని వెనక్కి ఒక పిసరు వదిలింది. గాడీ బెజ్జమూ ఎదురుపడ్డాయి. పిన్ను దూర్చి, పట్టకారుతో రెండు కాళ్ళూ వంచింది. తరవాత పక్కకి జరిగింది.

"చూడు."

సెల్విన్ వేలు పెట్టాడు. వేలు వణికి ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది. ఆమె సాయం పట్టలేదు, తల తిప్పుకోలేదు. మూడోసారి వేలు పిన్ను తల మీద ఆనింది. అటూ ఇటూ తడిమి చూశాడు. "బిగిసింది," అన్నాడు. అప్పుడు గాని ఆమె మూత పెట్టలేదు.

క్వారీ బయట హారన్ మోగింది. పావుగంట ఆగలేక నెవ్ పైకి వచ్చేశాడు. ఇద్దరినీ చూసి ట్రక్కులోంచి దిగి, దిగినవాడు దిగినట్టే తలుపుకి చేరగిలబడ్డాడు.

"ఒరేయ్ సెల్విన్, నీ చావుకి ఏ కోటు వేసుకురావాలా అని ఆలోచిస్తున్నాన్రా."

"ఇస్త్రీ చేసి ఉంచు. ఎప్పటికైనా పనికొస్తుంది."

"ఏవీ బండి నేను కిందికి తోలుకుపోతా, నా ట్రక్కు ఇక్కడే ఉంటుంది. నువ్వు ఈణ్ణి ఒక్కణ్ణే వదలకు."

ఏవరిల్ సెల్విన్ వైపు చూసింది. ఆదివారం అతనిది, ఒక్కడే వెళ్తానన్నాడు. అతను కారెక్కి, వంగి లోపలి నుంచి రెండో తలుపు తెరిచాడు.

మిగిలిన మలుపులన్నీ అతనే నడిపాడు. స్టీరింగు పట్టుకుంటే ఆ చేతులు చిత్రంగా నిమ్మళిస్తాయి. ఆమె మాత్రం కుడి ముందు చక్రం చప్పుడు వింటూనే కూర్చుంది. సరస్సు ఒడ్డున ఇంజను ఆపి, అతను తాళం చెవి ఆమె ఒళ్ళో వేశాడు.

"ఇంటికి నువ్వు తీసుకెళ్ళు."

"అదేంటి? ఈ రోజంతా నీదే కదా."

"రేపు పొద్దున ఎలాగూ ఇస్తాను. ఎవరో చెబితే ఇచ్చేకన్నా నేనిస్తే బాగుంటుంది."

ఏవరిల్ దిగి చుట్టూ తిరిగి వచ్చింది. సీట్లో కూర్చోలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని కుడి చక్రం ముందు మోకరిల్లి, రేకు మూత ఊడదీసింది.

"ఇప్పుడేగా చూశాం!" అన్నాడు సెల్విన్.

"చూస్తే అరిగిపోతుందా?"

వేలు పెట్టి చూసింది. ఎడమ చక్రం కూడా చూసింది. అంతసేపూ అతను చేతులు జేబులో పెట్టుకుని ఓపికగా నిలబడ్డాడు, నలభై ఏళ్ళు ఆమె నిలబడ్డట్టు. తరవాత అతను వెంట తెచ్చుకున్న నోటుపుస్తకం తీసి, నిన్నటి సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, పుస్తకాన్నీ పెన్నునీ ఆమెకి అందించాడు. చూసినవారు అన్న గడిలో ఆమె తన పేరు రాయడం అదే మొదలు. రాసి, అతనికి చూపించింది.

సెల్విన్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పంక్తిని మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"తేదీ వెయ్యలేదు," అన్నాడు.

ఏవరిల్ పుస్తకం వెనక్కి తీసుకుని ఆదివారం తేదీ వేసింది. ఒళ్ళు మండలేదు. పెన్ను మూత పెట్టి అతనికి ఇస్తే, అతను ఆ మూతని ఇంకోసారి నొక్కి జేబులో పెట్టుకున్నాడు.